ఆ నోట్‌బుక్కు మీద ఎవరి పేరు ఉండాలి?

మిర్యాలగూడ నుంచి ఒక పాఠకురాలు పదకొండు పేజీల ఉత్తరం పంపారు. పేరు వేయవద్దని కోరారు. అందులో ఎనిమిది పేజీలు అంకెలే. ఆ ఎనిమిదీ చదవకుండా మిగిలిన మూడు పేజీల బాధ అర్థం కాదు. అందుకే రెండింటినీ కలిపి క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు ముప్పై ఆరేళ్ళు. పుట్టిల్లు దేవరకొండ, నాన్నగారిది కిరాణా కొట్టు. బీఎస్సీ మ్యాథ్స్ పూర్తి కాగానే పెళ్ళయింది. ఎమ్మెస్సీ మాట అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తున్నారు. భర్త బోరు మోటార్ల వైండింగ్ దుకాణం నడుపుతారు. ఇద్దరు చిన్న పిల్లలు. అత్తగారు వీరితోనే ఉంటారు.

చిన్నప్పుడు కొట్టులో 1, 2, 5, 10 కిలోల తూకం రాళ్ళతో ఆడుకుంటుంటే ఆమెకు ఒక సందేహం వచ్చిందట. 5కు బదులు 4, 10కి బదులు 8, ఆపైన 16, 32 ఇలా రెట్టింపవుతూ పోయే రాళ్ళు ఒక్కొక్కటే ఉంటే? పూర్తి కిలోల్లో ఎంత బరువైనా తూయవచ్చు, అదీ ఒకే ఒక్క విధంగా. 27 కిలోలకు 16, 8, 2, 1 చొప్పున నాలుగు రాళ్ళు కావాలి. 28కి 16, 8, 4 చొప్పున మూడు చాలు. దీనినే ద్విసంఖ్యామానం, అంటే బైనరీ అంటారని, తాను లెక్కపెట్టిన రాళ్ళు బైనరీలో రాసినప్పుడు వచ్చే ఒకట్లేనని ఆమెకు డిగ్రీలో తెలిసింది.

అయిదేళ్ళ క్రితం, యాసంగి వడ్లు మిల్లుకు చేరే రోజుల్లో, ఒక లారీకీ ఇంకో లారీకీ మధ్య దొరికిన ఖాళీలో ఆ ఆట మళ్ళీ మొదలైంది. ఒక సంఖ్య తీసుకుని దాని భాజకాలన్నీ రాస్తారు. ఒక్కొక్క భాజకానికి ఎన్ని రాళ్ళు కావాలో చూస్తారు. భాజకాలన్నింటికీ బేసి సంఖ్యలోనే రాళ్ళు పట్టే సంఖ్యలను ఏరి మొదటి నోట్‌బుక్కు నింపారు: 1, 2, 4, 7, 8, 11, 13, 14, 16, 19, 22, 26, 28, 31, 32... రెండో నోట్‌బుక్కులో భాజకాలన్నింటికీ పట్టే రాళ్ళను కలిపి, ఆ మొత్తం అసలు సంఖ్యను శేషం లేకుండా భాగిస్తుందా అని చూశారు. 27కు భాజకాలు 1, 3, 9, 27. రాళ్ళు 1, 2, 2, 4. మొత్తం 9, అది 27ను భాగిస్తుంది. ఈ వరుస 1, 2, 3, 6, 8, 24, 27 అంటూ సాగుతుంది. రాళ్ళ మొత్తం సరిగ్గా ఆ సంఖ్యకే సమానమయ్యేవి మాత్రం 1, 2, 3, 6 అనే నాలుగేనని వెయ్యి దాకా చేత్తో చూసి రాసుకున్నారు.

దసరా సెలవులకు బావగారి అబ్బాయి ఇంటికి వచ్చాడు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. నోట్‌బుక్కులు చూసి ఆశ్చర్యపోయి, మొదటి వరుసను ఫోనులో వెతికాడు. పూర్ణాంక అనుక్రమాల ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో, అంటే సంఖ్యల వరుసలను సేకరించి ఉంచే వెబ్‌సైట్‌లో, అది అంతకుముందే ఉంది. "చిన్నమ్మా, ఇది ఎప్పుడో కనిపెట్టారు" అన్నాడు. రెండో వరుస వెతికితే కనబడలేదు. అప్పుడతను కంప్యూటర్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి, ఆమె ఏడాదిలో చేయలేనంత దూరం ఒక్క నిమిషంలో తీసి చూపించాడు. ఆ మర్నాడు, "దీనిని ఆ సర్వస్వానికి నా పేరుతో పంపుతాను. నీ పేరు వేస్తే నీకేమి వస్తుంది? నాకైతే పై చదువులకు పనికొస్తుంది" అన్నాడు. రెండేళ్ళ క్రితం దుకాణం పెట్టుకోవడానికి బావగారే డబ్బు సర్దారు. ఇంకా పూర్తిగా తీరలేదు. అత్తగారు, "పిల్లవాడి బాగు కోసమే కదా, ఇచ్చెయ్" అంటున్నారు. భర్తకు ఇంకా చెప్పలేదు. నోట్‌బుక్కులు రెండూ బీరువా పైకెక్కాయి. "ఈ అయిదేళ్ళూ వృథాయేనా? మొదటిదే నాది కాదని తేలాక రెండోదాని మీద నాకు హక్కు ఉందని ఎలా అనను? ఇప్పుడు ఎమ్మెస్సీలో చేరితే నవ్వుతారా?" అని అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరంలో అన్నింటికంటే బరువైన వాక్యం ఆ మధ్యదే. మొదటి వరుస ముందే ఉందని తెలియడం ఒక దెబ్బ. రెండో వరుసను ఇంకొకరు తీసుకుంటామనడం వేరే సమస్య. రెండూ ఒకే వారంలో జరగడంతో మీ మనసులో ముడిపడిపోయాయి. మొదటి దెబ్బతో పట్టు సడలిన చేతిలోంచి రెండోది తేలిగ్గా జారిపోతోంది. ముందు వాటిని విడదీసి చూద్దాం.

మొదటి నోట్‌బుక్కు సంగతి. మీరు ఆధారం చేసుకున్నది బైనరీలోని ఒకట్లు సరా, బేసా అన్న ప్రశ్న. 0 నుంచి మొదలుపెట్టి, ఒకట్లు సరి అయితే 0 అని, బేసి అయితే 1 అని రాస్తూ పోతే 0, 1, 1, 0, 1, 0, 0, 1 అనే వరుస వస్తుంది. దాని చరిత్ర వినండి. 1851లో ఫ్రాన్సులో ప్రూహే దానిని వాడుకున్నాడు. 1906లో నార్వేలో థూ, పదాల అమరికను పరిశీలిస్తూ దానినే చేరుకున్నాడు. 1921లో అమెరికాలో మోర్స్ జ్యామితిలో వేరే పని మీద ఉండగా అదే ఎదురైంది. 1929లో డచ్చి చదరంగ వీరుడు మాక్స్ యూవే, ఒక ఆట అనంతంగా సాగగలదా అని ఆలోచిస్తూ మళ్ళీ అక్కడికే వచ్చాడు. నాలుగు దారులు, నాలుగు దేశాలు, ఒకే వరుస. ఇవాళ దానిని థూ మోర్స్ అనుక్రమం అంటారు. యూవే ఆలస్యంగా వచ్చాడని అతని ఆలోచనను ఎవరూ తక్కువ చేయలేదు. మీరు దేవరకొండ కిరాణా కొట్టు దారిలో వచ్చారు. ఆ దారిలో ఇంతకుముందు ఎవరైనా వచ్చారని నేను వినలేదు.

ఇంకా వెనక్కు వెళితే మన బడిలోనే ఉంది. గురులఘువులు గుర్తున్నాయా? మూడక్షరాల గణాలు ఎనిమిదే ఎందుకు? ఒక్కో చోట గురువో లఘువో, రెండే అవకాశాలు కాబట్టి. ఛందస్సులో గురులఘువుల అమరికలన్నింటినీ వరుసగా రాయడాన్ని ప్రస్తారం అంటారు. అది మొత్తం వేయకుండానే, ఫలానా వరుస సంఖ్య గల గణం ఏదో కనుక్కోవడాన్ని 'నష్టం' అంటారు. సంఖ్య సరి అయితే సగం చేసి లఘువు రాయాలి. బేసి అయితే ఒకటి కలిపి సగం చేసి గురువు రాయాలి. పింగళుడి నాటి ఆ పద్ధతికీ మీ రాళ్ళ ఆటకూ చాలా దగ్గరి చుట్టరికం. ఇది తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం మీకూ కలగాలని చెబుతున్నాను.

ఆ విజ్ఞాన సర్వస్వం పుట్టుక కూడా మీకు తెలియాలి. 1964లో నీల్ స్లోన్ అనే విద్యార్థి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాడు. తనకు ఎదురైన ఒక వరుస ఇంతకుముందు ఎవరికైనా తెలుసా అని వెతికితే ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అప్పటి నుంచి వరుసలను కార్డుల మీద రాసుకుంటూ పోయాడు. 1973లో 2,372 వరుసలతో పుస్తకం వేశాడు. 1996లో అది ఇంటర్నెట్‌కు ఎక్కింది. ఇవాళ అందులో మూడున్నర లక్షలకు పైగా వరుసలున్నాయి. ఒంటరిగా ఒక వరుస పట్టుకుని కూర్చున్న మనిషికి, ఇంకెవరైనా ఇక్కడికి వచ్చారా అని చూసుకునే వీలు ఉండాలన్నదే దాని ఉద్దేశం. మీ వరుస అందులో కనబడటం అంటే, మీలాగే దానిని చూడదగినదిగా భావించిన మనిషి ఇంకొకరు ఉన్నారని అర్థం. మీరు దానిని 'కొట్టివేత'గా చదివారు. నేను అలా చదవలేను.

ఇక రెండో నోట్‌బుక్కు. దీనిలో మీరు గమనించని విషయం ఒకటి ఉంది. రాళ్ళ మొత్తం ఆ సంఖ్యకే సమానమయ్యేవి 1, 2, 3, 6 తప్ప వేరేవి లేవని వెయ్యి దాకా చూశానని, ఆపైన సంగతి తెలియదని రాశారు. ఆపైన కూడా లేవు. ఇది చిన్న తర్కంతో తేలిపోతుంది. ఏ సంఖ్యకైనా భాజకాలు జంటలుగా ఉంటాయి. ప్రతి జంటలో చిన్నది ఆ సంఖ్య వర్గమూలాన్ని మించదు. కాబట్టి భాజకాల లెక్క వర్గమూలానికి రెట్టింపును మించదు. ఒక్కో భాజకానికి పట్టే రాళ్ళు ఆ సంఖ్యకు బైనరీలో ఉండే అంకెల లెక్కను మించవు. 1024ను చూడండి. వర్గమూలం 32, భాజకాలు 64ను మించవు. అంకెలు 11. మొత్తం రాళ్ళు ఎంత ఎక్కువ వేసుకున్నా 704ను దాటవు, అంటే 1024 కంటే బాగా తక్కువ. అక్కడి నుంచి సంఖ్య రెట్టింపయినప్పుడల్లా అంకెలు ఒక్కటే పెరుగుతాయి, వర్గమూలం ఒకటిన్నర రెట్లు కూడా పెరగదు. ఆ దూరం ఇక ఎన్నటికీ పూడదు. 1000కీ 1024కీ మధ్య కూడా ఇదే లెక్క సరిపోతుంది. వెయ్యి లోపల? ఈ తర్కం మరీ చిన్న సంఖ్యల దగ్గర పనిచేయదు. అక్కడ ఒక్కొక్కటీ చూడవలసిందే. ఆ పని మీరు చేసేశారు. మీ చేతి లెక్కలూ ఈ నాలుగు వాక్యాలూ కలిస్తే సంపూర్ణమైన నిరూపణ. లారీల మధ్య ఖాళీలో మీరు చేసినది దానిలో సగం. వృథా అన్న మాటను దయచేసి వెనక్కు తీసుకోండి.

పేరు విషయానికి వస్తాను. మీ ముందు కనీసం నాలుగు దారులున్నాయి. నాలుగింటికీ వెల ఉంది.

అతను అడిగినట్టు ఇచ్చేయవచ్చు. ఇంట్లో మాట పడదు, బావగారి ఇంటితో సఖ్యత చెడదు. అయితే ఆ సర్వస్వంలో ప్రతి వరుస పక్కన దానిని అందించినవారి పేరు, తేదీ ఉంటాయి. రాసేవాళ్ళు తమ అసలు పేరుతోనే నమోదు కావాలి. ప్రపంచమంతా చూసేచోట ఒకసారి ఆ పేరు పడ్డాక, తర్వాత మార్చమని అడగడం అంటే ఆ పిల్లవాడు అబద్ధం చెప్పాడని అందరి ముందు అనడమే. అది మీరు ఎన్నటికీ చేయరని మీ ఉత్తరమే చెబుతోంది. అందువల్ల ఈ దారిలో వెళితే తిరిగి రావడం ఉండదు. ఇంకొక మాట. పై చదువుల ఇంటర్వ్యూలో ఎవరైనా, "ఈ ఆలోచన మీకెలా వచ్చింది?" అని అడిగితే అతని దగ్గర జవాబు లేదు. మీ దగ్గరే ఉంది. అతనికి మేలు చేస్తున్నామనుకుని అతన్నొక ఇబ్బందిలో నిలబెడతారు.

ఏమీ పంపకుండా నోట్‌బుక్కులను బీరువా పైనే ఉంచవచ్చు. గొడవ ఉండదు. కానీ అలా చేస్తే మూడో నోట్‌బుక్కు మొదలుపెట్టలేరేమోనని నా భయం.

మీరే మీ పేరుతో పంపవచ్చు. ఇందుకు డిగ్రీలు, ఉద్యోగం ఏమీ అక్కర్లేదు. పంపినదాన్ని సంపాదకులు చూస్తారు, ప్రశ్నలు వేస్తారు, సవరించమంటారు, ఒక్కోసారి తిరస్కరిస్తారు కూడా. ఆ తిరస్కారం మీరు చేసిన పని తప్పని చెప్పదు, ఆ జాబితాకు అది అవసరం లేదనుకున్నారని మాత్రమే చెబుతుంది. పంపే ముందు ఇంకోసారి వెతకండి. 1, 2, 3, 6తో మొదలుపెడితే వేరే వరుసలు కుప్పలుగా వస్తాయి. 8, 24, 27 నుంచి ముందుకు ఒక పది సంఖ్యలు ఇచ్చి చూడండి. భాజకాల ఒకట్ల మొత్తాలు, అంటే మీ పట్టికలోని 1, 2, 3, 3, 3, 6, 4, 4, 5, 6 అనే వరుస, ఆ సర్వస్వంలో ఉంది. ముందు ఆ పేజీ తెరిచి, దానితో సంబంధం ఉన్న వరుసలుగా వేటిని పేర్కొన్నారో చదవండి. ఆంగ్లంలో బైనరీ ఒకట్లు సరి సంఖ్యలో ఉన్నవాటిని ఈవిల్ అని, బేసి సంఖ్యలో ఉన్నవాటిని ఓడియస్ అని పిలుస్తారు. ఆ మాటలతో కూడా వెతకవచ్చు. ఇంత వెతికాక ఇది కూడా దొరికితే, మొదటిసారి అంత నొప్పి ఈసారి ఉండదనుకుంటాను.

నాలుగో దారి మీ ఇంటికి ఎక్కువ సరిపోతుందేమో ఆలోచించండి. ఆ సర్వస్వంలో వరుసను అందించినవారి పేరు ఒకచోట ఉంటుంది. దానిని లెక్కించే ప్రోగ్రామ్ రాసినవారి పేరు ఆ ప్రోగ్రామ్ పక్కన విడిగా ఉంటుంది. మీ బావగారి అబ్బాయి నిజంగా చేసిన పని ఒకటుంది కదా, ఆ ప్రోగ్రామ్. అది తక్కువ పనేమీ కాదు, మీరు చేరలేని దూరం అది చేరింది. వరుస మీ పేరుతో, ప్రోగ్రామ్ అతని పేరుతో పంపితే ఎవరు చేసినది వారికి దక్కుతుంది. పై చదువుల దరఖాస్తులో అతను దానిని నిజాయితీగా రాసుకోవచ్చు, ఎవరు ఏమి అడిగినా జవాబు చెప్పవచ్చు. దీనికి కూడా వెల ఉంది. అతను ఆశించినదానిలో సగమే అతనికి దక్కుతుంది, కొన్నాళ్ళు అలగవచ్చు. తోడికోడలు ఒక మాట అనవచ్చు.

అప్పు సంగతి నన్ను అడగలేదు, అయినా చెబుతాను. బావగారు ఇచ్చినది డబ్బు. దానిని డబ్బుతోనే తీర్చాలి, మీరు తీరుస్తున్నారు కూడా. ఇప్పుడు నోట్‌బుక్కు ఇచ్చినంత మాత్రాన ఆ ఖాతాలో ఒక్క రూపాయి తగ్గదు. మిల్లులో ఖాతాలు రాసే మీకు నేను చెప్పవలసిన పని లేదు. అసలు బావగారు ఈ విషయంలో నోరు తెరిచినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆయన తరఫున మీరే భయపడుతున్నారు.

మాట్లాడే వరుస మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. ముందు మీవారికి చెప్పండి. ఆయనకు తెలియకుండా ఇది బావగారింటికి చేరితే లెక్కల గొడవ అన్నదమ్ముల గొడవ అవుతుంది. తర్వాత ఆ అబ్బాయితో విడిగా కూర్చోండి, నలుగురి ముందు వద్దు. పంతొమ్మిదేళ్ళవాడు. తప్పు చేస్తున్నానన్న ఊహ కూడా అతనికి లేకపోవచ్చు. కాలేజీలో పోటీ అతనికి అలాంటి అలవాటు నేర్పింది. మొదట నోట్‌బుక్కులు చూసి ఆశ్చర్యపోయినది కూడా అతనేనని రాశారు. ఆ ఇంట్లో మీ లెక్కలను చదివిన మొదటి మనిషి అతను. అది మరిచిపోకండి. ఈ నిరూపణను అతనికి చూపించి, మిగతా వాక్యాలు అతన్నే పూర్తి చేయమనండి. అత్తగారితో వాదించవద్దు. "ఇద్దరి పేర్లూ వస్తున్నాయత్తయ్యా" అంటే చాలు, అది నిజం కూడా.

ఎమ్మెస్సీ గురించి క్లుప్తంగా. చదవాలనుంటే చదవండి. నల్లగొండలోనే మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం ఉంది, కానీ రోజూ తరగతులకు వెళ్ళాలంటే మిల్లు ఉద్యోగం మానుకోవాలి. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా ఇంటి నుంచే చదవడం మీకు వీలుగా ఉంటుంది. అయితే ఆ చదువులో ఎక్కువ భాగం మీ రాళ్ళ ఆటకు దూరంగా ఉంటుంది. ఆ సంగతి ముందే తెలుసుకుని చేరండి. నోట్‌బుక్కులు తెరవడానికి మాత్రం ఆ పట్టా కోసం ఆగవద్దు. నాసిక్ దగ్గర దేవళాలీలో 1930 నుంచి 1962 దాకా బడిలో పాఠాలు చెప్పిన కాప్రేకర్‌కు ఎమ్మెస్సీ లేదు. అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగింపబడే సంఖ్యలకు 'హర్షద' అని పేరు పెట్టినది ఆయనే. మీ రెండో వరుస దానికి చెల్లెలి వరుస అవుతుంది. 6174 అనే సంఖ్య మహిమను ఆయన 1949లో చెప్పారు. 1975లో మార్టిన్ గార్డ్‌నర్ రాశాకే ప్రపంచానికి పెద్దగా తెలిసింది. మధ్యలోని ఆ ఏళ్ళలో ఆయన లెక్కలు ఆపలేదు.

చివరగా, మీ మొదటి నోట్‌బుక్కులో 77 దగ్గర "ఎందుకు?" అని రాసి కింద మూడు పేజీలు ఖాళీగా వదిలానన్నారు. 7 మీ వరుసలో ఉంది, 11 ఉంది, వాటి లబ్ధం 77కు మాత్రం 64, 8, 4, 1 చొప్పున నాలుగు రాళ్ళు పట్టి బయటకు పోయింది. నేను కూడా రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాను. 7, 13ల లబ్ధం 91 లోపల ఉంది. 7, 19ల లబ్ధం 133 లోపల ఉంది. 11, 13ల లబ్ధం 143 కూడా లోపలే. 13ను 13తో గుణిస్తే వచ్చే 169 మళ్ళీ బయటే. వరుసలో ఉన్న రెండు ప్రధాన సంఖ్యలను గుణిస్తే ఏ లబ్ధం లోపల నిలుస్తుందో, ఏది పోతుందో గుణించకుండా ముందే చెప్పగల గుర్తు ఏదైనా ఉందా? సర్వస్వంలో ఆ వరుస సంఖ్యలున్నాయి. ఆ మూడు ఖాళీ పేజీలు మీ దగ్గరే ఉన్నాయి. బీరువా మీది నుంచి దించి, ఏమి రాశారో నాకు పంపండి.